దొంగొర్రె బోర్డు

హన్మకొండ బస్టాండు వెనుక రేకుల షెడ్డుల
ముప్పై ఏండ్లు ఊర్లను రాసిన.
పసుపు మీద నలుపు.
కొమ్ము పొడుగు పోకుంట, సున్న గుండ్రంగ,
ముసలి కండ్లకు దూరం నుంచే అందేటట్టు.
పరకాల. నర్సంపేట. ములుగు. ఏటూరునాగారం.
నేను ఎక్కని బస్సులు, నేను దిగని ఊర్లు.

పని నేర్పింది కందగట్ల ఓదెలు సారు.
మొదటి నాడే అడిగిండు:
ఓరుగల్లుల కల్లు ఏందిరా?
తాటికల్లు సారూ, అన్న.
కుంచెతోని నెత్తి మీద ఒక్కటిచ్చిండు.
కల్లంటే రాయిరా. ఒంటిరాయి.
సంస్కృతపాయన దాన్నే ఏకశిల అన్నడు.
రాయి అదే, అంగి మారింది.
నా జుట్టుల నలుపు రంగు
రెండు దినాలు పోలే.

మరి వరంగల్ ఎట్లయింది?
జవాబు పక్క స్టూలు మీదనే ఉండె.
మండిబజారు నుంచి వచ్చే ఖుద్దూస్ సాబు,
బోర్డు కింద ఉర్దూ వరుస ఆయనది.
కుడి దిక్కు నుంచి ఆయన, ఎడమ దిక్కు నుంచి మేము,
నడుమల చాయ్ గిలాస.
ఒక వంకర గీత గీసి చూపిండు:
"ఇది వావ్. మీ ఓ ఇదే, మీ వ ఇదే.
రాసినోడు ఓ అనుకొని రాసిండు కావచ్చు,
చదివినోడు వ అన్నడు.
తప్పు ఎవరిదీ లేదు బేటా,
ఒక్క కుర్చీల ఇద్దరు కూసున్నరు."
నిజంగ గంతేనా అంటే నవ్విండు.
నేను చరిత్ర చదవలే, బోర్డులు చదివిన, అన్నడు.

హనుమకొండకు రేకు సరిపోకపోతే
ను కొమ్ము పీకేసి, న కింద మ వేలాడదీసిన.
హనుమంతుని కొండనా,
అనుమడు, కొండడు అని ఇద్దరు దొరలా అని
చదువుకున్నోళ్లు షెడ్డు ముందర కొట్లాడుతుంటే
నేను డబ్బా మూత పెట్టుకొని కూసున్న.

దొంగొర్రె చిన్న బోర్డు.
ములుగు దాటినంక అడివి అంచున నలభై ఇండ్లు.
కండక్టర్లు టికెట్ కొట్టుకుంట మ్యా అనేటోళ్లు,
దొంగ గొర్రె ఎక్కిందిరో అని.
కాలేజీ పోరలు ఒక స్టేజి ముందే దిగి
ఎండల నడిచి పోయేటోళ్లు.
ఆఖరికి ఊరు ఊరంత చందాలేసుకొని
కాయిదాల మీద కాయిదాలు పెడితే
శాంతినగర్ అయింది.
నేనే రాసిన, పాత రేకు మీదనే,
రెండు పూతల పసుపు కొట్టి.

బోర్డు కోసం వచ్చినోళ్ల వెంబడి
గట్టవ్వ వచ్చింది, చేతిల సుట్ట ఆరిపోయి ఉంది.
"గొర్రె గాదు కొడుకా. ఒర్రె.
యాడనో గుట్టలల్ల పడ్డ వాన
ఈడ చుక్క రాలని రాత్రి
చప్పుడు లేకుంట వచ్చి
కోళ్లగంప, నులకమంచం,
మంచం మీది మా చిన్న మరిది,
అన్నీ ఎత్తుకపోయింది.
దొంగంటే అది. మేం గాదు.
పెద్దలు పెట్టింది పేరు గాదు, కావలి."
ఆటో హారన్ కొట్టింది.
ఆమె ఎక్కింది, ఒడిల శాంతినగర్ పెట్టుకొని.

తర్వాత ఆ ఇసుక జాగల ప్లాట్లు పడ్డయి.
చదును జాగ, అగ్గువ ధర.
కొన్నోళ్లు ఊరి పేరు అడిగిండ్రు,
అమ్మినోళ్లు శాంతి అన్నరు.

శ్రావణంల ఒక రాత్రి,
ఆకాశంల చుక్కలు లెక్కపెట్టేటట్టు ఉన్నయట.

ఇప్పుడు బస్సుల నొసట
ఎర్ర దీపాల అక్షరాలు ఉరుకుతున్నయి.
నా కుంచెలు కిరసనాయిల్ లేక కట్టెలయినయి.
నిన్న ఇద్దరు పోరలు వచ్చిండ్రు
బురద చార ఎండిన రేకు మోసుకొని.
పాత పేరు రాయాలె తాతా.

కొత్తగ రాయలే.
చాకు తీసి శాంతిని మెల్లమెల్లగ గీకిన.
పసుపు పెచ్చులు ఒళ్లె రాలినయి.
కింద నా నలభై ఏండ్ల నాటి చెయ్యి,
ర వత్తు కొంచెం పక్కకు ఒరిగి.

సరిచేస్తవా అన్నడొకడు.
ఉండనియ్ బిడ్డా.
అది రాసిన నాడు
నేను సుత గొర్రె అనే అనుకున్న.