పట్టించుకోనక్కర్లేని వేడి

గోపాలపూర్ రేంజి మీద ఎర్రజెండా ఎగిరితే
మా పేట తెప్పలు ఇసుకలోనే ఉంటాయి.
ఆ జెండా ఎగరేయించే వాళ్ళలో
ఇప్పుడు నేనూ ఒకదాన్ని.
"ఏటే గుంటా, ఇయ్యాల కూడా సముద్రం మూసీసినారా?"
అంటుంది దానమ్మ పిన్ని,
కిరాణా కొట్టు గురించి అడిగినట్టు.

నా పనేమిటో ఆమెకి చెప్పడం ఒక పట్టాన కాలేదు.
విమానం వెనక మంట ఉంటుంది పిన్నీ,
దాన్ని పట్టుకుని క్షిపణి వస్తుంది.
రెక్కల మీది గుర్తు దానికి తెలీదు,
లోపల కూర్చున్నవాడి పేరు తెలీదు,
వేడి ఒక్కటే తెలుసు.
అది నేల విడిచిన క్షణంలోనే మా కన్ను చూడాలి,
చూసి ఫ్లేర్లు జారవిడవాలి,
అసలు మంటకంటే గట్టిగా మండే అబద్ధాలు.

ఇసకలో గుడ్లు పెట్టిన ఉల్లంకి పిట్ట
కుక్కొస్తే రెక్క ఇరిగినట్టు
కుంటుకుంటూ దూరం తీసుకుపోద్దే, అదీ!

"అయితే పిట్ట కాడ నేర్సుకున్నారు.
జీతం దానికియ్యండి మరి."

ఏప్రిల్. పరీక్షల మూడోరోజు.
పేట మీదుగా విమానం కిందికి వచ్చింది.
మా కన్ను అరిచింది.
ఎనిమిది నిప్పుముద్దలు
పట్టపగలు సముద్రంలో పడి ఆరిపోయాయి.
ఎవరూ ఏమీ పేల్చలేదు.

పైలట్ తోమర్ దిగి వచ్చి కోప్పడలేదు.
కోప్పడితే బాగుణ్ణు.
చేతితొడుగు ఒక్కో వేలే లాగుతూ అన్నాడు:
"మూడుసార్లు ఉత్తినే అరిస్తే
నాలుగోసారి నా చెయ్యే దాన్ని ఆపేస్తుంది.
నాలుగోది నిజమైతే?"

రాత్రి బిభూతి పాణిగ్రాహీ నేనూ
రికార్డింగుని చిత్రం తర్వాత చిత్రంగా తిప్పాం.
చల్లారిన టీ. తెర మీద బూడిదరంగు ఇళ్ళు.
మూడో వరస వెనక ఒక తెల్లచుక్క
ఉన్నట్టుండి ఉబ్బింది.
"ఇటుకబట్టీ?" అన్నాడు బిభూతి.
నేను మాట్లాడలేదు.
ఆ సందులో నేను మోకాలు చీరుకున్నాను.
ఆ తాటాకు దడి వెనక ఏముందో నాకు తెలుసు.

దానమ్మ పిన్ని జీడిగింజలు వేపే చిల్లుల పెనం.
గింజలోంచి నూనె కారి అంటుకుంటే
మనిషెత్తు లేస్తుంది మంట.

మర్నాడు కొలిచే పరికరం మోసుకుని వెళ్ళాను.
పిన్ని తల దువ్వుకుని,
కొప్పులో కనకాంబరాలు పెట్టుకుని కూర్చుంది.
"నా మొకం పడతాదా ఇందులో?"
మొహం కాదు పిన్నీ, మంట.
"మంటనేటి సూస్తారు, గింజ సూడండి. పెద్ద సైజు."

రెండు రంగుల్లో కొలిచాం.
క్షిపణి మంట ఊపిరి తియ్యదు,
పుట్టిన దగ్గర్నుంచి ఒకటే పరుగు.
పిన్ని మంట ఎగిసి, తగ్గి,
గరిటె తగిలితే ఉలిక్కిపడి,
గాలి మళ్ళితే పక్కకి ఒరిగింది.
ఆమె మోచేతుల మీది నల్లమచ్చలు
ఏ రంగులోనూ పడలేదు.

ముప్పు కానివాటి పట్టికలో రాశాను:
నమూనా నలభై ఒకటి.
రకం: వంటమంట, నూనెతో.
నలభైకి ముందు చెత్తకుప్పలున్నాయి, కోసిన పొలాలున్నాయి,
ఒక శ్మశానం కూడా ఉంది.
చివరి గడి: స్పందన.
"అవసరం లేదు" అని కొట్టడానికి
నా వేలికి కొంచెంసేపు పట్టింది.
బిభూతి కిటికీలోంచి బయటకి చూస్తున్నాడు,
చూడాల్సిందేమీ లేకపోయినా.

సోమవారం విమానం మళ్ళీ వచ్చింది.
పేట మీదుగా, పెనం మీదుగా, కిందుగా.
మా కన్ను అన్నీ చూసి నోరు మెదపలేదు.
తోమర్ రేడియోలో ఒక్క మాటే అన్నాడు, బాగుంది.
అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

సాయంత్రం జెండా దించాక వెళ్ళాను.
"ఈపాలి ఏటీ రాల్లేదేం?
గుంటలందరూ గోడెక్కి కూకున్నారు నిప్పులు సూద్దారని."
ఈసారి అక్కర్లేకపోయింది పిన్నీ.
"మరి మంచిదేనా?"
మంచిదే.

పెనంలోంచి అప్పుడే తీసి పగలగొట్టిన పలుకులు
చెయ్యి పట్టమని గుప్పెడు పోసింది.
ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి,
ఇంకో చేతిలోంచి మళ్ళీ ఈ చేతిలోకి
ఎగరేస్తూనే ఉన్నాను,
కింద పడెయ్యకుండా.