ఎనిమిది దశాంశం మూడు నాలుగు

విశ్వవిద్యాలయం అంటే నాకు
రెండు లక్షల మైళ్లు తిరిగిన ఓ తెల్ల వ్యాను.
సీట్లు పీకేసిన చోట, కడుపు కోసినట్టు
సగానికి కోసిన పంపు ఒకటి,
ముప్పై క్లోరిన్ గొట్టాలు,
తీసుకున్నవాళ్లు మరచిపోగా మిగిలిన
పదకొండు కాలిక్యులేటర్లు.

అక్కడ ఓ గంటస్తంభం ఉంది.
నేను దాన్ని ఎక్కువగా చూసేది
జీతం కాగితం మీది ముద్రలోనే.

నా తరగతి ఫైర్‌స్టేషన్లో.
ఎర్ర ఇంజన్ను బయట మంచులో నిలబెట్టి
దాని చోట్లో మడత కుర్చీలు వేస్తే చాలు.
ఇంకో వారం చర్చి కింది గదిలో,
ఇంకో వారం ధాన్యం గిడ్డంగిలో
గోధుమ దుమ్ముకి అందరం తుమ్ముతూ.

మంటానా పెద్దది.
మబ్బుకైనా దాటడానికి రెండు పగళ్లు పడుతుంది.
నూటపది మంది ఉన్న ఊరికీ నీళ్లు కావాలి.
ఆ నీళ్లకి జవాబు చెప్పే మనిషొకరు కావాలి.
ఆ మనిషి చేతిలో కాగితం ఉండాలి,
ఆ కాగితానికి రెండేళ్లకోసారి ఊపిరి పొయ్యాలి.
అందుకు నేను.

ఆ ఫిబ్రవరిలో హార్‌లిన్ అనే ఊళ్లో
తొమ్మిది మంది వచ్చారు.
బడి బస్సు నడిపే జోనెట్
మూడింటి ట్రిప్పుకి లేచెళ్లి
కాళ్ల మంచు దులుపుకుంటూ మళ్లీ వచ్చి కూర్చుంది.
రిజర్వేషన్ నుంచి అన్నదమ్ములిద్దరు,
ఇద్దరికీ కలిపి ఒకటే నోటుబుక్కు.
తరగతులు భరించలేక కాలేజీ మానేసి
మురుగు చెరువు పనిలో చేరిన కుర్రాడు
ఇవాళ మొదటి వరసలో.
వెనక, తలుపు పక్కన, ఎల్డన్ ఫ్రిట్జ్లర్.
అరవై ఏడేళ్లు.
ముప్పై ఒక్క ఏళ్లుగా ఊరి బోరు అతని చేతుల్లోనే.
పరీక్ష రెండుసార్లు తప్పాడు.

బోర్డు మీద రాశాను:
మోతాదు, ప్రవాహం, ఎనిమిది దశాంశం మూడు నాలుగు.
ఈ అంకె ఎక్కణ్ణించి వచ్చింది, ఎల్డన్?
అతను నీళ్లు నమిలాడు.
ఎవరో నవ్వారు.
నేనూ ఓపిక పట్టలేదు, జవాబు చెప్పేసి
పేజీ తిప్పాను.

కాఫీ వేళ, గది మూల
వేడినీళ్లు తిప్పే చిన్న పంపు దగ్గర
ఎల్డన్ గొంతుక్కూర్చున్నాడు.
పొడుగాటి స్క్రూడ్రైవరు మొన పంపుకి ఆనించి
పిడిని చెవి వెనక ఎముకకి నొక్కి
కళ్లు మూసుకున్నాడు.
"బేరింగు. పది రోజులు."
పిడి నాకిచ్చాడు.
విన్నాను. లోపల ఎక్కడో
ఎవరో ఇసుక నములుతున్నారు.

పంతొమ్మిదేళ్లుగా చూపిస్తున్నాను స్లైడు నలభై రెండు:
అసాధారణ శబ్దాలను గమనించవలెను.
ఎలాగో దాన్లో లేదు,
నాకూ తెలీదు.

మధ్యాహ్నం గాలను డబ్బా నింపి
అతని చేతికిచ్చాను. ఎంతుంటుంది?
ఒక్కసారి పైకెత్తి దించాడు.
"ఎనిమిది పౌన్లు. పైన కాస్త."
కాస్తంటే?
"పావు కాదు. మూడోవంతు ఉండొచ్చు.
చిన్నప్పుడు దూడలకి మోశాను,
మా నాన్న తూకం తప్పనిచ్చేవాడు కాదు."

బోర్డు వైపు చూశాడు.
నేను చెప్పాల్సిందేమీ లేదు.
తన భుజాన్ని తనే
ఇంకొకరి చేతిరాతలో చదువుకుంటున్నాడు.

పరీక్ష ఏప్రిల్లో, ఇంకో ఊళ్లో.
కాగితాలు దిద్దేది నేను కాదు,
ఫలితాలు వెళ్లేది నాకు కాదు.
నాది నీటి మీద రాత అని
వ్యాను తోలుతూ చాలాసార్లు అనుకున్నాను.
ఏ ఊరి పెట్రోలు బంకులోనో
కుళాయి తిప్పి దోసిలి పట్టినప్పుడు
నాలుక మీద ఆ సన్నని క్లోరిన్ వాసన తగిలితే మాత్రం
ఇక్కడెవరో లెక్క సరిగ్గా వేశారని తెలుస్తుంది.
పేరు గుర్తురాదు.

తొమ్మిదో రోజు పొద్దున్నే జోనెట్ ఫోను.
ఫైర్‌స్టేషన్లో పంపు ఆగిపోయిందట,
గోడలు గడ్డకడుతున్నాయట.
"ఎల్డన్ ఒక్కరోజు తప్పాడు," అని నవ్వింది.

అంతకన్నా ఎక్కువ తప్పినవాళ్లకి
నేను సంతకాలు పెట్టాను.