వ్యత్యాసం

సిరొంచ బడి, తొమ్మిదో తరగతి.
ఉరకుడె సారు నల్లబల్ల మీద త్రిభుజం గీసి
కింద ఒక్క మాట రాశాడు: వ్యత్యాస్.
ఆ మాట నాకు తెలుసు.
మా ఇంటి మిరపకాయల తూకానికీ
సేటు చెప్పే తూకానికీ మధ్య
ఏటా ఉండేది అదే.

పరీక్షలో అడిగాడు:
రెండు భుజాలు సమానమైతే ఎదుటి కోణాలు సమానం,
దీని వ్యత్యాస్ రాయండి.
నేను ఒక కోణంలోంచి ఇంకో కోణం తీసేసి
సున్నా అని రాశాను.
కింద రెండు గీతలు కూడా కొట్టాను, అంత నమ్మకం.

సారు నవ్వలేదు.
'మీ తెలుగులో దీనికి అర్థమేంటి?' అన్నాడు.
తేడా, అన్నాను.
'మాకు తిరగేయడం' అని
జర్ ఉన్నచోట తర్‌ని, తర్ ఉన్నచోట జర్‌ని కూర్చోబెట్టాడు.
జర అంటే మా ఇంట్లో కొంచెం.
ఆయన జర్ అంటే, ఒకవేళ.
ఆ కొంచెం దగ్గరే ఏడాదంతా తప్పిపోయాను.

ఇంకొకటి కూడా చెప్పాడు.
వాక్యం నిజమైనంత మాత్రాన
తిరగేసిందీ నిజమైపోదు,
దాని రుజువు దానికి వేరే కావాలి.
తండ్రి చేను బిడ్డకొచ్చినట్టు రాదు నిజం.

ఇంటిదాకా కనబడ్డవన్నీ తిరగేస్తూ నడిచాను.
నాయన పడవ దిగితే కుక్క తోకాడిస్తుంది.
కుక్క తోకాడించింది;
వచ్చింది అప్పులాయన, చేతిలో బిస్కట్టుతో.
ప్రాణహిత అవతలి ఒడ్డోళ్ళు తెలుగోళ్ళు.
తెలుగోళ్ళయితే అవతలి ఒడ్డోళ్ళేనా?
రేషన్ దుకాణంలో ఒకడు
రుజువు లేకుండానే ఆ వాక్యాన్ని వాడేవాడు.
చెన్నూరు దవాఖానలో ఇంకొకడు
మా కార్డు మీది మరాఠీ అక్షరాలు చూసి
మందుల చీటీని మడిచి పక్కన పెట్టాడు.

పన్నెండేళ్ళకు
అంకీసా దిగువన మా చేలోకి నీళ్ళొచ్చాయి.
మబ్బు తునక లేదు, ఎండ ఫెళ్ళున కాస్తోంది.
కింద ఎక్కడో బ్యారేజీ గేట్లు దించితే
నది వెనక్కి నడిచొచ్చింది,
మిరప చెట్ల మోకాళ్ళ దాకా, నడుం దాకా.
మూడో రోజుకి తెల్లటి పూత ఒక్కటే
నీళ్ళ మీద చల్లినట్టు మిగిలింది.

పంచనామాకొచ్చిన తలాఠీ కుర్చీ వేయించుకుని
'వాన పడితే వరద వస్తుంది, అవునా?' అన్నాడు.
అందరూ తలలూపారు.
'ఆ వారం వర్షమాపకంలో సున్నా.
కనుక వరద లేదు.'
మళ్ళీ కొందరు ఊపారు.
మరాఠీ రాక కాదు. వాక్యం అంత నున్నగా ఉంది.

సున్నా చెవిన పడగానే లేచాను.
సాహెబ్, వాన పడితే వరద. ఒప్పుకుంటాను.
వాన లేకుంటే వరద లేదన్నారే,
అది వ్యత్యాస్‌కి కవల.
దాని రుజువేది?

ఎవరి బిడ్డ, అన్నాడు కళ్ళద్దాలు తీసి.
పడవ లస్మయ్య బిడ్డ, ఎవరో అందించారు.
కాసేపు పెన్ను మూత తీసి, పెట్టి,
కారణం అన్న గడిని ఖాళీగా వదిలి
కింద సంతకం చేశాడు.
ఒప్పుకుంటే ఖాళీగా వదులుతారేమో.
ఖాళీగా వదిలితే ఒప్పుకున్నట్టా?

'ఏమన్నవే ఆయనతోని?' అమ్మ అడిగింది.
వ్యత్యాసం, అన్నాను.
'తేడా ఉన్నదనే కదా. నేను సుత చూసిన'
అని, కుళ్ళిన మిరప చెట్లను పీకి
వేళ్ళు పైకి పెట్టి
గట్టు పొడుగునా పేర్చుకుంటూ పోయింది.