పోటునాటి బొత్తాలు

రాసేటప్పుడు నాకు తెలీదు
రేపు పొద్దున్న ఎన్ని పడవలొస్తాయో.
చిలోయే దీవిలో, కెమ్చి రేవులో
ఆ సంగతి సముద్రానికీ తెలీదు,
అదీ పోటొచ్చాకే లెక్క చూసుకుంటుంది.

అందుకే తెరమీద ముందుగా ఏ బొత్తామూ పెట్టలేదు.
ఖాళీ జాగా ఒకటి వదిలానంతే.
పడవ పేరు నమోదు కాగానే
అక్కడికక్కడ ఒక బొత్తాం పుడుతుంది,
పేరు తొడుక్కుని, రంగు పూసుకుని,
నొక్కితే ఏం చెయ్యాలో చెవిలో చెప్పించుకుని.
పడవ వెళ్ళిపోతే బొత్తామూ పోతుంది.
చిన్న దీవుల్లో వాళ్ళు
బంగాళాదుంప మూటల పక్కన నిలబడి నొక్కుతారు:
మా దగ్గర ఆగి వెళ్ళు.

మొదటిరోజు పదకొండు పడవలు.
పదకొండు బొత్తాలు ఒకదాని కింద ఒకటి దిగాయి
వానకి చూరు కింద చేరిన పిల్లల్లా.
ఇనపసామాను కొట్టు మీది గదిలో
కట్టెలపొయ్యి దగ్గర చేతులు కాచుకుంటూ
నా అంతటిది లేదనుకున్నాను.

తొమ్మిదింటికి నెల్సన్ బర్రీయా ఫోను.
"నెల్దా, నా పడవ ఖాళీగా పోతోంది.
నీ యాప్‌కి నామీదేమన్నా కోపమా?"
తర్వాత ఇంకొకరు. ఇంకొకరు.

తప్పు చాలా చిన్నది, చెబితే నవ్వుతారు.
వరసలో ఒక్కో బొత్తాన్నీ చేస్తూ
ఈ అంకె గుర్తుంచుకో అన్నాను.
అవి అంకెని గుర్తుంచుకోలేదు,
అంకె రాసిన పలకని గుర్తుంచుకున్నాయి.
పలక ఒకటే.
తుడిచి రాసి, తుడిచి రాసి, నేను లేచేసరికి
దానిమీద మిగిలింది పదకొండు.
ఎవరు ఏ పేరు నొక్కినా
అన్ని గొంతులూ ఒక్కణ్ణే పిలిచాయి.

ఆ ఒక్కడు దోన్ రుపెర్తో చిగ్వాయ్.
అందరికన్నా ఆలస్యంగా లేస్తాడు గనక ఆఖర్న నమోదయ్యాడు.
పడవ పేరు రెలాంపగో, అంటే మెరుపు.
దాన్ని దాటి బాతులు పోతాయి.
వారానికి రెండు పిలుపులొస్తే పండగ.
ఆ పూట ముప్ఫై నాలుగు.

ఆయన అనుమానించలేదు.
ఇన్నాళ్ళకి జనానికి తెలిసొచ్చిందనుకున్నాడు.
ఇంటికెళ్ళి ఉతికిన చొక్కా వేసుకుని,
మెడ దగ్గర బొత్తాం ఊడిపోయుంటే
పిన్నీసు పెట్టుకుని,
వానలో బయల్దేరాడట.

కొన్ని రేవుల్లో
నిన్నెవరు పిలిచారయ్యా అన్నారు.
కొన్నిచోట్ల తడుస్తూ నిలబడలేక ఎక్కారు.
మెచుకేలో ఒకావిడ కోడిపెట్టతో సహా ఎక్కి
దారంతా అల్లుణ్ణి తిట్టిందట.
రాత్రి ఎనిమిదికి ఆయన దీపం రేవులోకి వచ్చింది.
అప్పటికి నేను తప్పు పట్టుకున్నాను.

దిద్దడానికి ఒక్క గీత చాలింది.
ఒక్కో బొత్తాం పుట్టగానే
దాని అంకె దాని జేబులోనే పెట్టి కుట్టేశాను.
మర్నాడు ఎవరి పిలుపు వాళ్ళకెళ్ళింది.
నెల్సన్ బుట్టెడు ఆల్చిప్పలు పంపాడు.
మెరుపు ఊరికే ఊగుతూ ఉంది, కట్టిన చోటే.

మూడోనాడు మెట్లెక్కి వచ్చాడు.
టోపీ నీళ్ళు గుమ్మం బయటే విదిల్చి,
"నా బొత్తాం పాడైనట్టుంది, కాస్త చూడమ్మా."

నొక్కాను.
ఆయన జేబులో మోగింది.
తీసి, చెవిదాకా పోనిచ్చి, ఆగి,
"బానే ఉందే," అన్నాడు.

చెప్పేద్దామనే నోరు తెరిచాను.
పిన్నీసు ఇంకా మెడ దగ్గరే ఉంది.
"కూర్చోండి, సూదీ దారం ఉన్నాయి,"
అని వచ్చింది నోట్లోంచి.

చొక్కా ఒంటిమీద ఉండగానే కుట్టాను,
నాలుగు కన్నాలకీ రెండేసి సార్లు.
గడ్డం పైకెత్తి ఆయన
కిటికీలోంచి నీళ్ళెంత తీశాయో చూస్తున్నాడు.

దారం కొరుకుతూ అడిగాను,
రేపు కాస్త పెందరాళే నమోదవుతారా అని.

"లేదమ్మా, ఆఖర్నే," అన్నాడు.
"అది నాకు కలిసొచ్చిన చోటు."