మైనం చెయ్యి

మృగశిర ఇంకా పది దినాలుందనగా
చుట్టిన నూనె కాగితం విప్పకుండానే తీసుకుపోయినాను,
కర్నూలు పాతబస్తీకి,
బోర్డు మీద సగం అక్షరాలు రాలిపోయిన ఆ అంగడికి.
ఇమాంసా ముందు లైసెన్సు చూసినాడు,
తరువాత రివాల్వరు మీది నంబరు,
ఆఖరున నన్ను.
ఆయన కూతురు గౌసియా ఖాతాలో ఎక్కించుకుంది,
నా పేరు చివర శెట్టి అని రెండుసార్లు రాసి
ఒకటి కొట్టేసింది.

కొత్తదే, అన్నాను.
"కొత్తదే గదా రోగం.
ఫ్యాక్టరీలో దీన్ని ఎవురి చేతి కోసరమూ చెయ్యలే.
పెండ్లి బంతిలో విస్తరాకు మాదిరి
అందరికీ ఒకటే కొలత."

నాకు చూపుడువేలు సగమే.
ఆదోని జిన్నింగు మిల్లులో, పద్దెనిమిదో ఏట,
పత్తి మిషను తినగా మిగిలింది.
జొన్నగిరి చేలల్లో రాళ్లు కొనేటప్పుడు
వజ్రాన్ని బొటనవేలికీ నడిమివేలికీ మధ్య పట్టి
ఎండకు ఎత్తుతాను.
చూసేవాళ్లకు అదొక స్టయిలు.
ఆయనకు ఇదేమీ చెప్పలేదు.
చెయ్యి చాపమన్నాడు, చూసినాడు,
"నడిమివేలా?" అన్నాడు.
అంతే.

సత్తు గిన్నెలో మైనం కాగింది.
పసిబిడ్డకు నీళ్లు చూసినట్టు
మోచేతి మీద చుక్క వేసుకుని
ముద్ద నా అరచేతిలో పెట్టినాడు.
"పట్టుకో. కోపంగా కాదు.
రాత్రిపూట చేన్లో టార్చిలైటు పట్టుకున్నట్టు."

వారం తరువాత పోతే
బట్ట మీద అన్నీ విడివిడిగా ఉన్నాయి,
స్ప్రింగులు, మరలు, ఖాళీ సిలిండరు ఆరు కళ్లతో.
పిడికి బర్రెకొమ్ము తొడిగినాడు.
అందులో ఒక చిన్న పల్లం, నా మొండివేలు ఆనుకోను.
ఇరవై ఏండ్లలో
ఆ వేలికంటూ ఒక చోటు ఎవరూ చెయ్యలేదు.

మీట బరువు చూడను ఆయనకు త్రాసు లేదు.
అన్నీ బిగించి, మీటకు తాడుతో చిన్న బకెట్టు వేలాడదీసి
కొర్రలు పోస్తాడు
చారెడు, ఇంకో చారెడు,
గుర్రం పడేదాకా.
టక్.
గౌసియా సోలతో కొలిచి రాస్తుంది.
తెచ్చిననాడు పదకొండు సోలలు. ఇప్పుడు ఎనిమిది.

"ఇంకొక్క సోల తగ్గించు" అన్నాను.
నేను తూకాల మనిషిని,
రవ్వంతలో లక్షలు అటూఇటూ కావడం చూసినవాణ్ణి.
ఇమాంసా ఆకురాయి కింద పెట్టి
గుప్పెడు కొర్రలు తీసి వేళ్ల సందుల్లోంచి జారవిడిచినాడు.
"ఈ సోల గింజలు పడేలోపల
'ఎవురది?' అని ఒక మాట అడగొచ్చు శెట్టీ.
తీసెయ్యమంటే తీసేస్తా.
అప్పుడింక అడిగే పని ఉండదు."

నాకు బుద్ధి వచ్చిందని చెప్పను.
బేరమాడినాను.
పావు సోల దగ్గర తెగింది.

డబ్బు లెక్కబెడుతూ తలెత్తితే
ఆయన వెనక గూట్లో చేతులు,
మైనం చేతులు, దారంతో కట్టిన చీటీలతో.
ఉంగరం గుర్తు పడినవి,
పట్టేటప్పుడు వణికినవి.
ఒకే ఊరి రెండు ఇండ్లవి,
ఒకరు తోడిన బావిలో ఇంకొకరు చేద వెయ్యనివి,
పక్కపక్కనే, వేసవికి మెత్తబడి
అంచుల దగ్గర కొంచెం అతుక్కుని.
ఆఖరున నాది.

"పోయినోళ్లవి ఏం చేస్తావు?"
"కరిగిస్తా.
మైనం కిలో ఎంతో ఎరుకనా నీకు?"

బస్సు పత్తికొండ దాటేదాకా
అరచెయ్యి వాసన చూసుకుంటానే ఉన్నాను.
తేనెపట్టు వాసన. ఇంకేందో కూడా.
తుగ్గలి కాడ చినుకులు మొదలైనాయి.
అప్పుడే ఆడోళ్లూ పిల్లోళ్లూ తలలు వంచుకుని
ఎర్రచేలల్లోకి దిగుతా ఉన్నారు, మెరిసేదాని కోసం.
ఒళ్లో సంచి.
సంచి మీద నా చెయ్యి.
నడిమివేలు, నేను చెప్పకుండానే,
వంగి ఉంది.