పెట్టె ఎతుకు

జోహరాపురం రోడ్డులో నా జిరాక్సు అంగడి.
రాత్రి తొమ్మిదింటికి సగం షట్టరు దించినాక
వంగి లోపలికొస్తుంది మద్దిలేటమ్మ చిన్నమ్మ,
హాస్టలు పిల్లోళ్లకు వండి పెట్టి,
కొంగున పసుపు మరకతో,
డబ్బాలో నాకింత మిగులు చిత్రాన్నంతో.
"పెట్టురా, ఆ సచ్చినోళ్ల ఇల్లు."

తెర మీద పాత బంగళా.
ఎవరో దొరసానిని ఎవరో చంపినారు.
పియానో కింద, పటాల ఎనక, పగిలిన అద్దంలో
సామానంతా కుప్పలు కుప్పలు.
అడుగున వరసగా ఇంగ్లీషు పేర్లు.
చదవడం నా పని,
ఎతకడం ఆమెది.

"గుడ్లగూబ" అంటాను.
అప్పటికే కర్టెను మడతలో దాని ముక్కు మీద ఉంటుంది ఆమె వేలు.
"గొడుగు."
"అదో, నిచ్చెన కాలు మాదిరి నటిస్తాంది చూడు."
కత్తెర. నెమలీక. ఆరో నంబరు.
దినామూ మూటెడు బియ్యంలో రాళ్లేరే కండ్లు
రంగు చూడవు, ఆకారం చూడవు,
చోటుగాని చోట ఉన్నదాన్నే చూస్తాయి.

హంతకుడెవరో ఆమెకు అక్కర్లేదు.
పొడుగు కోటు డిటెక్టివు ఏదో చెప్పబోతే
"గమ్మునుండప్పా" అని దాటించేస్తుంది.
ఆమె కోపమంతా ఒకటే:
"ఇంత పెద్ద ఇంట్లో ఒక్కరన్నా పొరక పట్టరా?"

ఒకనాడు కొత్త గది తెరుచుకుంది.
నీళ్లు నిండిన నేలమాళిగ.
తలకిందులైన కుర్చీ, బురదలో ఫిడేలు,
గోడ మీద నీటి గీత.
మౌసు ఆగిపోయింది.

ఆ అక్టోబరులో హంద్రీ తుంగభద్రా ఒకటై
మా గడప దాటి, గూళ్లు దాటి, మిద్దెను తాకినాయి.
నీళ్లు తీసినాక మోకాటి లోతు బురదలో
చిన్నమ్మకు చేతులే కండ్లు.
జాబితా అప్పుడు ఆమె నోట్లో ఉండింది:
రేషను కార్డు, రుబ్బుగుండు, ఎడమకాలి కడియం,
సిమెంటు కాయితం అట్టేసిన నా ఏడో తరగతి లెక్కల పుస్తకం.
దొరికిందాన్ని దొరికినట్టు కడిగి
మెట్టు మీద ఆరబెట్టింది.
ఎంత తిరిగినా, ఇదిగో ఇక్కడ అని
ఏ మూలా మెరిసి చూపలేదు.
ఇనప పెట్టె దొరకలేదు.
దాని తాళంచెవి ఇప్పటికీ
ఆమె గాజుల మధ్య పిన్నీసుకు వేలాడుతుంటుంది.
పెట్టెలో ఏముండిందో ఆమె చెప్పలేదు.
నేనూ అడగలేదు.

"ఏమెతకాల?" అనింది, శానాసేపటికి.
తాళంచెవి.
ఎదురుగానే ఉంది, మేకుకు తగిలించి. పసిబిడ్డ కూడా చూపిస్తుంది.
"తాళంచెవి ఎవునికి కావాల్రా?
పెట్టె ఎతుకు."
"పెట్టె జాబితాలో లేదు చిన్నమ్మా."

వినలేదు.
నీళ్ల మూలన, ఏమీ లేని నల్లటి చోట
నొక్కింది. మళ్లీ నొక్కింది.
ఉత్తుత్తి నొక్కుళ్లకు ఆట కోప్పడి
బాణం గుర్తును గిరగిరా తిప్పింది.
అది నిలబడేదాకా కాచుకొని కూచుని
మళ్లీ అక్కడే.

నేను డబ్బా మూత తీసినాను.
ఇంకొంచేపు కరెంటు పోకుంటే చాలనుకున్నాను.