ఐదో గడి

నాలుగో గడిలో నేను, తూర్పుకి, సముద్రం వైపు.
ఐదో గడిలో తను, పడమటికి, మెస్సు వైపు.
ఖోఖోలో పక్కపక్కన కూర్చున్నవాళ్లకి
ఒకరి మొహం ఒకరికి కనిపించదు.
మూడేళ్లు ఆడాం. నాకు బాగా తెలిసింది తన వీపే.

పేరు చికొండి. మలావీ నుంచి
చేపల చదువుకని కాకినాడ వచ్చింది.
వారం తిరక్కుండా నూకరత్నం పేరు మార్చేసింది:
"మన డెల్టాలో లేనిదదొక్కటే,
పాపం నడుచుకుంటూ వచ్చేసింది" అని,
కొండమ్మ.
తను నవ్వింది.
నవ్వొచ్చి నవ్విందో, నవ్వకపోతే బాగోదనుకుందో
అప్పట్లో నేను ఆలోచించలేదు.

మొదటి నెల నేనిచ్చిన ఖో
కాలిన పెనానికి వేలు తగిలినట్టుండేది.
ముట్టీ ముట్టనట్టు. అరుపు మాత్రం ఆకాశానికి.
రామకోటి మాస్టారు విజిల్ ఊదలేదు.
సువార్త చూసింది, రెండో గడిలోంచి.
కుళాయి దగ్గర జడ పిండుకుంటూ
"ఆ వేలు నాకు తెలుసే" అంది.
"మా పేటకి పెరుగు పోయడానికొచ్చే ఆవిడ
చిల్లర అలాగే పుచ్చుకునేది."
అంతే అంది.
ఇంకొక్క మాటంటే పోట్లాడి గెలిచేదాన్ని.

మర్నాడు పొద్దున్న, మంచులో,
అరచెయ్యి మొత్తం ఆనించాను.
చెమట, ఇసక, జెర్సీ కింద ఎముక.
ఖో అన్నాను, గొంతు పెగల్లేదు.
తను లేచి పరిగెత్తింది.

ఏటిమొగలో ఎండుచేపల గంపల దగ్గర
గుప్పెడు మెత్తళ్లు తీసి వాసన చూసింది.
"ఉసిపా" అంది. మళ్లీ అంది, "ఉసిపా."
"ఉసిరా? ఇక్కడెక్కడుంటదమ్మా" అంది అమ్మే ఆవిడ.
తను ఏడుస్తోందని ముందు కనిపెట్టిందీ ఆవిడే.
దోసెడు కొసరేసింది, బేరం అడక్కుండానే.

అమలాపురం పోటీలకి వెళ్తూ
కోటిపల్లి రేవులో పంటి ఎక్కాం.
గోదారిని చూపించాం, మేమే తవ్వించినట్టు.
"అవతలి గట్టు కనిపిస్తోందే" అంది తను, జాలిగా.
"మా ఊరి చెరువుకి కనిపించదు."
రేవు దాటేదాకా మంగాదేవి తనతో మాట్లాడలేదు.

సెమీఫైనల్. ఆఖరి నిమిషం.
గోడెక్కిన కుర్రాళ్లు తన జుట్టుకేదో పేరు పెట్టి
ఈలలేస్తున్నారు.
తను స్తంభం తిప్పుకుని నా వెనక్కొచ్చింది,
నా వీపు మీద చెయ్యి పడింది, చెయ్యంతా.
అరిచింది:
"పీటా!"

పీట అంటే మాకు కూర్చునేది.
నేను కూర్చునే ఉన్నాను.
ఆ సగం క్షణంలో వాళ్ల పిల్ల దాటిపోయింది,
విజిల్ మోగింది, ఫౌల్ రాశారు,
ఒక్క పాయింటుతో పోయాం.

తిరుగు పంటిలో చెప్పింది,
వాళ్ల భాషలో పీట అంటే వెళ్లమని.
అంత గోలలో ఖో దొరకలేదట, అదే వచ్చిందట.
మొదటిసారి ఇద్దరం ఒకే వైపుకి కూర్చున్నాం.
అలవాటు లేక నేను మొహం తిప్పలేదు.
నీళ్ల మీద డీజిల్ వాసన.
"ఇందాకే చెప్పొచ్చుగా తల్లీ, లేచి పరిగెట్టేది" అంది నూకరత్నం.
ముందు సువార్త నవ్వింది, తర్వాత పంటి మొత్తం,
ఆఖర్న, బైకుల మీద కూర్చున్న తెలియనివాళ్లు.

ఇప్పటికీ మా హాస్టల్ పిల్లలు
మెస్సుకి బయల్దేరుతూ "పీట, పీట" అంటారట.
ఎందుకో వాళ్లకి తెలీదు.

ఒక్కటి మిగిలింది.
మూడో ఏడు, కొత్తగా చేరిన పిల్లొకతి,
ఎక్కడో నా ఊరి వైపుదే,
తన వెనక్కొచ్చి వేలి కొస తగిలించి ఖో అంది.
చికొండి లేవలేదు.
మాస్టారు అరుస్తున్నారు, తను లేవలేదు.
తల తిప్పకుండా, నెమ్మదిగా,
"మళ్లీ ఇవ్వు. చెయ్యి మొత్తం" అంది.

నాలుగో గడిలో నేను
సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాను.